మోకాళ్ల నొప్పితో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణా? ముందు ఆ మాత్రల సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 56. బరువు 78 కిలోలు. టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను, తెల్లవారుజామున నాలుగింటి నుంచి పది దాకా నిలబడే పని. ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి ఉన్నాయి. మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి మాత్ర రోజుకొకటి, పని ఎక్కువైతే రెండు వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. మా అమ్మాయి కాన్పు క్షేమంగా జరిగితే సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నాను. ఆషాఢ పౌర్ణమికి ఇంకా రెండున్నర నెలలుంది. ఇప్పుడు కిలోమీటరున్నర నడిస్తే పిక్కలు పట్టేసి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. నడిచే రోజు ఏ మాత్ర వేసుకుంటే నొప్పి తెలియకుండా ఉంటుంది? ఏ నీక్యాప్ మంచిది? ముందు రోజు ఇంజెక్షన్ చేయించుకుంటే సరిపోతుందని మా ఊరి ఆర్‌ఎంపీ అన్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, సోంపేట

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టింది మీరు అడిగిన మూడు ప్రశ్నలు కావు, మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. ఆరేళ్లుగా రోజుకొక నొప్పి మాత్ర, ఒక్కోసారి రెండు. మోకాళ్ల గురించి తర్వాత మాట్లాడదాం. ముందు మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియాలి.

మీరు మాత్ర పేరు రాయలేదు. బహుశా మీకూ తెలియదేమో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి టేబుల్ మీద గుమ్మరిస్తారు. అందులో నాలుగేసి మాత్రలుండే ముక్కలు ఉంటాయి. పేరు, తయారీ తేదీ ఉన్న వైపు ఇంకెవరికో వెళ్లిపోయి ఉంటుంది, మిగిలింది వెండిరంగు రేకు. "ఎర్రది పొద్దున, తెల్లది రాత్రి" అంటారు. ఆ తెల్లది ఎక్కువసార్లు ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్రే అయి ఉంటుంది. దాని మీద జ్వరం మాత్ర అనుకుంటూ ఇంకో 650 వేసుకుంటారు. అదీ పారాసెటమాలే. మీరు వాడేది ఇదేనని నేను అనడం లేదు. ఈసారి షాపుకి వెళ్లినప్పుడు పూర్తి స్ట్రిప్ కొనండి, బిల్లు అడగండి, పేరు రాసిపెట్టుకోండి. మీ డాక్టరుకి ఆ పేరు తెలియకుండా ఎవరూ మీకు సరైన సలహా ఇవ్వలేరు.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నొప్పి తగ్గిస్తాయి, నిజమే. కానీ ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కొందరిలో గుండె మీద, కిడ్నీల మీద భారం పడుతుంది. మీ విషయంలో ఇంకో చిక్కుంది. కిడ్నీలోకి రక్తం సరిపడా రావడానికి శరీరం కొన్ని ఏర్పాట్లు చేసుకుంటుంది. నొప్పి మాత్ర కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. మీ బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. మామూలు రోజుల్లో కిడ్నీ ఎలాగో నెట్టుకొస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఎనిమిది, పది గంటలు చెమట కారుస్తూ, నీళ్లు సరిగా తాగకుండా నడిచారనుకోండి, ఈ మూడూ ఒకేసారి పనిచేస్తే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. అందుకే "నొప్పి తెలియకుండా ఏ మాత్ర వేసుకోవాలి" అన్న ప్రశ్నకి ఆ జాతి మాత్ర పేరు ఒక్కటి కూడా నేను రాయను. అలాగని ఇది చదివి బీపీ మాత్ర మాత్రం ఆపేయకండి. అది మీకు అవసరం. ఎక్కువ నడిచే రోజు దాన్ని ఎలా వాడాలో అది రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.

పైగా మీది సోంపేట. మీ ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బు గురించి నేను మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, మీ వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్లు ఉండి ఉంటారు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నొప్పి మాత్రల వల్లే వస్తుందని నేను అనను. కానీ అలాంటి ప్రాంతంలో ఉంటూ, బీపీ, షుగర్ రెండూ ఉండి, ఆరేళ్లుగా నొప్పి మాత్రలు వాడుతున్న మనిషి, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష సీరం క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదంటే నాకు భయమేసింది. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. క్రియాటినిన్ నార్మల్ అని రాగానే ఊపిరి పీల్చుకుని మళ్లీ మాత్రలు మొదలుపెట్టకండి. కిడ్నీల పని సగం దాకా తగ్గినా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. ఆ అంకెతో పాటు వయసునూ బట్టి లెక్కవేసే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయన్న అంచనా, ఎంతో అడగండి. తేడా ఉంటే మీకు దగ్గర్లోనే పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది.

ఇక కాళ్ల తిమ్మిరి. మీరు దీన్ని మోకాళ్ల నొప్పిలో కలిపేశారు. నేను విడిగా చూస్తాను. కొంత దూరం నడిస్తే పిక్కలు పట్టేయడం, ఆగితే తగ్గడం అరిగిన మోకాలి లక్షణంలా అనిపించడం లేదు. వెన్నెముకలో నరాల దారి ఇరుకైనా ఇలా అవుతుంది, కాళ్లకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడినా అవుతుంది. తేడా ఇంట్లోనే కొంత తెలుస్తుంది. ఊరికే నిలబడితే చాలు, తగ్గిపోతుందంటే రక్తనాళాల వైపు అనుమానం. నిలబడితే తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతోందంటే వెన్ను వైపు. తోపుడుబండి తోస్తూ ముందుకు వంగి నడిచేటప్పుడు హాయిగా ఉండి, నిటారుగా నడిస్తే పట్టేసేవాళ్లు చాలామందిని చూశాను. మీరు కూర్చుంటే తగ్గుతుందని రాశారు కాబట్టి వెన్నే కావచ్చు. కానీ షుగర్ ఉంది కనుక రెండోదాన్ని వదిలేయలేం. పాదాల్లో నాడి దొరుకుతోందో లేదో డాక్టరు చేత్తో చూస్తే సగం సంగతి తేలుతుంది, అవసరమైతే నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ రాస్తారు. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకూ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఉంటే డాక్టరుకి దాచొద్దు, మానేయండి.

పాదం జారిపోతున్నట్టు బలం తగ్గినా, మూత్రం, విరేచనం తెలియకుండా అయిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా ఆషాఢం దాకా ఆగే పని కాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి.

ఇప్పుడు మీ మొక్కు. దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. సింహాచలం కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరే జనాన్ని నేనూ ఏటా చూస్తాను, అందులో నా పేషెంట్లూ ఉంటారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి వచ్చేసరికి 32 కిలోమీటర్లు. అరుణాచలం 14 కిలోమీటర్లే, ఇది దానికి రెట్టింపు దాటింది. మీ అడుగుల్లో లెక్కేస్తే సుమారు 45 వేలు. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకపోయినా ఎనిమిది గంటలు పడుతుంది.

మీరిప్పుడు నడవగలిగేది కిలోమీటరున్నర. వారానికి పదో వంతు చొప్పున పెంచితే శరీరం తట్టుకుంటుందని మేం సాధారణంగా చెబుతాం. ఆ లెక్కన పది వారాలకి మీరు చేరేది నాలుగు కిలోమీటర్లు. 32కి చేరాలంటే కాగితం మీదే 32 వారాలు దాటుతుంది, మధ్యలో నొప్పి ఎక్కువైన వారాలు, పెళ్లిళ్లు, జ్వరాలు కలిపితే ఏడాది. కాబట్టి పరీక్షలన్నీ బాగున్నా ఈ ఆషాఢానికి పూర్తి ప్రదక్షిణ వద్దనే నా సలహా. వచ్చే ఏడాదికి పెట్టుకోండి. గిరి చుట్టూ నడవలేనివాళ్లు ఆలయ ప్రదక్షిణ చేసుకోవడం ఉన్నదే. ఈసారి అది చేసి, మిగతాది వచ్చే ఏడాదికని స్వామికి విన్నవించుకోండి. ఈలోగా మీ మనవడికో మనవరాలికో నడకా వచ్చేస్తుంది.

ఈ ఏడాది ఎలా వాడుకోవాలో కొంత చెబుతాను, కానీ కాళ్ల పరీక్ష అయ్యాకే మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి నొప్పి ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నొప్పి లేని రోజు దొరికింది కదా అని నాలుగు కిలోమీటర్లు నడిచేస్తారు, తర్వాత మూడు రోజులు మంచం దిగరు. దాంతో నడకంటేనే భయం పట్టుకుంటుంది. అలా వద్దు. బాగా నొప్పిగా ఉన్న రోజు కూడా మీరు నడవగలిగేది ఎంతో చూసుకోండి, అర కిలోమీటరే కావచ్చు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. బాగున్న రోజూ అంతే నడవండి. నడిచేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. దిగలేదంటే నిన్న ఎక్కువైనట్టు. టిఫిన్ సెంటర్‌లో ఆరు గంటలు నిలబడ్డ తర్వాత నడక పెట్టుకోకండి, సాయంత్రం నడవండి. దోసెల పెనం దగ్గర ఒక ఎత్తు స్టూలు వేసుకోండి, పావుగంటకోసారి ఆనుకుంటే నడుముకి ఎంతో తేడా తెలుస్తుంది. రోజూ రెండు పూటలా కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నేరుగా చాచి అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి, పదేసి సార్లు. తొడ కండరం గట్టిపడితే మోకాలికి అదే ఊతం. బరువు నాలుగైదు కిలోలు తగ్గించండి. ఒక్క కిలో తగ్గితే నడకలో వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేల్చారు.

నొప్పికి మరి ఏం చేయాలి? మోకాలికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ, దానితో మొదలుపెట్టవచ్చేమో మీ డాక్టరుని అడగండి. లివర్ బాగుంటే ఒట్టి పారాసెటమాల్ అప్పుడప్పుడు వాడుకోవచ్చు, రోజు మొత్తం మీద 3 గ్రాములు దాటకూడదు. అంతకంటే గట్టివి కావాలంటే కిడ్నీ రిపోర్ట్ చూశాకే.

షుగర్ గురించి ఇంకో మాట. మొక్కు నడక అంటే చాలామంది ఉపవాసం ఉంటారు, చెప్పులు వదిలేస్తారు. మీకు రెండూ కుదరవు. గ్లిమిపిరైడ్ వేసుకుని తినకుండా నడిస్తే షుగర్ పడిపోయి దారిలోనే కళ్లు తిరగొచ్చు. ఒకసారి ప్రదక్షిణ అయిన మూడో రోజు ఒక పెద్దాయన వచ్చారు. అప్పుఘర్‌లో సముద్ర స్నానం చేసి తడి పాదాలతో, ఇసుకతోనే తారురోడ్డు ఎక్కారు. బొటనవేలి కింద బొబ్బ లేచి, చితికి, చీము పట్టింది. ఆయనకి నొప్పే తెలియలేదు, షుగర్‌తో పాదాలకి స్పర్శ పోయింది. సాక్సుకి అంటిన మరక చూసి కోడలు తీసుకొచ్చింది. వేలు దక్కింది, కానీ నెల్లాళ్లు కట్లు కట్టించుకున్నారు. మీరు సాధన కోసం నడిచేటప్పుడు కూడా మెత్తని అడుగున్న షూ, కాటన్ సాక్స్ వేసుకోండి, ఇంటికొచ్చాక వేళ్ల మధ్య చూసుకోండి. వంగి చూడలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోండి.

ఇంజెక్షన్ సంగతి. ఆర్‌ఎంపీ గారు ఇస్తానన్నది ఏమిటో నాకు తెలియదు. ఊళ్లలో నొప్పికి ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్ లేదా స్టెరాయిడ్. మొదటిది మీకు ఎందుకు వద్దో పైన రాశాను. రెండోది షుగర్‌ని ఒక్కసారిగా పెంచేస్తుంది. పైగా నొప్పి తెలియకపోతే కాలు ఎక్కడ ఆపాలో మీకు తెలియదు. వద్దమ్మా, గట్టిగానే చెబుతున్నాను.

నీక్యాప్ మెత్తగా, పట్టీ బిగుతుగా కాకుండా ఉంటే ఏదైనా ఫర్వాలేదు. కొంతమందికి ధైర్యంగా ఉంటుంది. నిద్రపోయేటప్పుడు తీసేయండి, పిక్క వాచితే అసలు వేసుకోవద్దు.

మిమ్మల్ని చూడకుండా, రిపోర్టులు లేకుండా రాసిన సలహా ఇది. దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల కవరు, పాత చీటీలు అన్నీ తీసుకెళ్లండి, రేకు ముక్కలతో సహా.