నా వంద సీసీ బండి కిక్ రాడ్ జారిపోతోంది, ఇంజన్ తిరగడం లేదు. ఎందుకు?

మీది వంద సీసీ బండి అన్నారు కదా, ముందు చేత్తో రాడ్ నొక్కుతూ అది తొడిగిన షాఫ్ట్ చివర చూడండి. షాఫ్ట్ కదలకపోతే బోల్టు లూజై ఉంటుంది, లేదా రాడ్ షాఫ్ట్‌ని పట్టుకునే పళ్లు అరిగిపోయాయి. బిగించినా జారితే కొత్త రాడ్ వేయాల్సిందే, వెల్డింగ్ మాత్రం వద్దు, రేపు ఇంజన్ కవర్ విప్పాలంటే చుక్కలు కనిపిస్తాయి. షాఫ్ట్ తిరుగుతుంటే బండి గేర్‌లో పెట్టి, క్లచ్ వదిలేసి తోయండి. ఇంజన్ తిరిగిందా, క్లచ్ బాగున్నట్టే, లోపల రాట్చెట్, అంటే ఒకవైపే పట్టే పళ్ల చక్రం, అరిగి ఉంటుంది. చాలా బళ్లలో దానికి ఆయిల్ తీసి కుడివైపు కవర్ విప్పాలి, ఆయిల్ కారకుండా కవర్ కింద వేసే గ్యాస్కెట్ కొత్తది వేయించండి. తిరగకపోతే క్లచ్ జారుతోంది. ముందుగా క్లచ్ కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో చూసుకోండి.

రాడ్ కొట్టాక పైకి రాకపోతే రిటర్న్ స్ప్రింగ్ గొడవ. మన వైజాగ్‌లో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు, ఉప్పుగాలికి రాడ్ మడత దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతుంటుంది, దానికి చుక్క ఆయిల్ చాలు.