మనిషిని పెట్టి చూసుకుంటున్నానని మీరే రాశారు

ప్రశ్న: నేను బ్రిటిష్ పౌరుణ్ని, లెస్టర్‌లో ఉంటాను. తెనాలిలో ఉన్న అమ్మకు 76 ఏళ్లు, పక్షవాతంతో మంచాన పడింది. నెలకు 24 వేలిచ్చి మనిషిని పెట్టాను. విజయవాడ నుంచి అక్క వచ్చిపోతుంటుంది. అమ్మ రోజూ నా పేరే కలవరిస్తోంది. ఆమెను నా దగ్గరే ఉంచుకోవడానికి డిపెండెంట్ వీసాకు దరఖాస్తు పెట్టాం. కొడుకు దగ్గరుంటే మంచిదని డాక్టరు రాసిచ్చినా ఇవ్వలేదు. తిరస్కరణ లెటర్ అంది మూడు వారాలైంది. విజిటర్ వీసా మీద తెచ్చి ఇక్కడే అప్లై చేయొచ్చా?

జవాబు: ముందు తేదీ చూసుకోండి. నిర్ణయం అందిన 28 రోజుల్లోపు బ్రిటన్‌లో ఇలాంటి అప్పీళ్లు వినే ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయాలి. మూడు వారాలు లెటర్ పెట్టుకుని కూర్చున్నారు, మిగిలింది వారం. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, తీరిక లేదన్న మాట అక్కడ చెల్లదు.

అమ్మగారి జబ్బు ఇక్కడ తగాదా కాదు. ఈ వీసాకు 2012 జులై నుంచి ఉన్న నిబంధన రెండు సంగతులు అడుగుతుంది. స్నానానికి, బట్టలు కట్టుకోవడానికి, వంటకు ఆమెకు దీర్ఘకాలం మరొకరి సాయం కావాలి. మీరు డబ్బు పంపినా ఆ సాయం ఇండియాలో దొరకకూడదు, లేదా దొరికినా దాని ఖర్చు మోయలేనిదై ఉండాలి. జీతమిచ్చి మనిషిని పెట్టాననీ, అక్క వస్తోందనీ దరఖాస్తులో రాసి, ఆ రెండోది మీ చేత్తో మీరే కొట్టేసుకున్నారు. ‘కొడుకు దగ్గరుంటే మంచిది’ అన్న డాక్టరు లెటర్ ఎందుకూ పనికిరాదు.

కావలసింది ఇది: ఏ పనికి రోజుకు ఎన్నిసార్లు సాయం కావాలో, రాత్రిళ్లు మనిషి ఉండాలో లేదో, ముందుముందు ఎలా ఉంటుందో న్యూరాలజిస్టు రిపోర్టు. డిశ్చార్జ్ సమ్మరీలు. ఎవరెవరు పనిలో చేరి ఎప్పుడు, ఎందుకు మానేశారో జీతాల రికార్డుతో సహా. రాత్రి డ్యూటీకి మనిషిని ఇవ్వలేమని ఏజెన్సీలు చెప్పి ఉంటే ఆ మాట రాతపూర్వకంగా. అక్క ఎందుకు చూసుకోలేకపోతోందో ఆమె ఉద్యోగం, ఆరోగ్యం కాగితాలతో అఫిడవిట్. పరాయివాళ్లు పెడితే అమ్మగారు అన్నం ముట్టకపోతే సైకియాట్రిస్టు చేత పరీక్ష చేయించండి. వైద్యపరంగా రుజువైన మానసిక అవసరాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 2017లో బ్రిటన్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ చెప్పింది. ఇవన్నీ అప్పీలులో కొత్తగా దాఖలు చేయొచ్చు.

విజిటర్ వీసా ఆలోచన మానుకోండి. ఈ వీసాకు దరఖాస్తు బ్రిటన్ బయటి నుంచే పెట్టాలి, విజిటర్‌గా వచ్చి మార్చుకోవడం కుదరదు. చూసి వెళ్లిపోతుందని రాసి ఉంచేసుకుంటే మోసం కిందికి వస్తుంది, అలా తేలితే 10 ఏళ్లు రానివ్వరు. కేర్‌టేకర్ లేదని ఇప్పుడు దొంగ లెటర్ తెచ్చినా అంతే, మీ మొదటి దరఖాస్తు వాళ్ల దగ్గరే ఉంది.

పెట్టిన మనిషి నిజంగా బాగా చూసుకుంటుంటే అప్పీలు ఫీజు దండగ. అమ్మగారు ప్రయాణం చేయగలిగితే, ఈ తిరస్కరణ దాచకుండా, తిరిగి వెళ్లే ఏర్పాటు చూపిస్తూ ఆరు నెలల లోపు సందర్శనకే విజిటర్ వీసా అడగండి. అదీ కాకపోతే మీరే వెళ్లి చూసుకోవాలి.