ఫాసీ కాదు, జాక్ కోల్

“బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్ మ్యూజికల్ నాటకాల జాజ్ డాన్స్‌కి ఇప్పటి రూపం తెచ్చింది కొరియోగ్రాఫర్ బాబ్ ఫాసీయేనా?” అని ఒకరు అడిగారు. కాదు, ఆయనకంటే ముందటి కొరియోగ్రాఫర్ జాక్ కోల్. ఇందులో నాకు రెండో మాట లేదు.

టోపీ, గ్లవ్స్, లోపలికి తిరిగిన మోకాళ్లు కనిపిస్తే చాలు, అందరూ ఫాసీ పేరే చెబుతారు. ఆయన నృత్యాలకు ప్రాణం పోసిన భార్య గ్వెన్ వెర్డన్ అంతకుముందు ఏళ్లపాటు కోల్ దగ్గర అసిస్టెంట్. ఇంకేం కావాలి?

నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నదాన్ని. ఇక్కడ న్యూజెర్సీలో మా అమ్మాయిని జాజ్ క్లాసులో చేర్పించాం. ఒకరోజు టీచర్ భుజాలు కదలకుండా మెడ మాత్రం అటూ ఇటూ జరపమంది. పిల్లలందరికీ మెడతోపాటు భుజాలూ ఊగిపోతున్నాయి. మాది మాత్రం గడ్డం పైకి లేవకుండా, చెవిపోగులు కూడా అదరకుండా చేసేసింది. ఇంట్లో నేను చేయించే సుందరీ గ్రీవమే కదా! టీచర్ మ్యూజిక్ ఆపి దానిచేత మళ్లీ చేయించింది. క్లాసయ్యాక నేను వెళ్లి అడిగితే, “ఇవి జాక్ కోల్ నుంచి వచ్చినవండీ, ఆయన భరతనాట్యం నేర్చుకున్నాడు” అంది.

1911లో ఈ న్యూజెర్సీలోనే, న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టాడాయన. డెనిషాన్ అనే అమెరికన్ డాన్స్ బృందంలో మొదలుపెట్టి, 1930లలో నైట్‌క్లబ్బుల్లో భరతనాట్యం అడుగుల్ని స్వింగ్ సంగీతానికి కట్టాడు. మా మాస్టారు చూసుంటే తాళం కర్ర విసిరేవారు! కానీ అది అతుకుల బొంత కాదు. అరమండిలాగా మోకాళ్లు వంచి కిందికి దిగడం, ఒక అంగం కదిలితే రెండోది బిగపట్టడం ఒంటికి పట్టించుకున్నాడు. 1940లలో కొలంబియా స్టూడియోలో డాన్సర్లకు రోజూ అదే సాధన. మన సభల్లో ఫ్యూజన్ పేరుతో నాలుగు సినిమా స్టెప్పులకి రెండు ముద్రలు తగిలించేవాళ్లు ఇది చూడాలి.

ఫాసీని తక్కువ చేయడం లేదు. 1973లో ఒకే ఏడాది సినిమాకి ఆస్కార్, నాటకానికి టోనీ, టీవీకి ఎమ్మీ మూడూ కొట్టినవాడు. కానీ మూలం కోలే అంటే నమ్మకం కుదరకపోతే 1953 నాటి ‘జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్’లో మార్లిన్ మన్రో వజ్రాల పాట సౌండ్ తీసేసి చూడండి. ఆ డాన్స్ కట్టింది కోలే. ఆవిడ భుజాల లెక్క భుజాలది, చేతుల లెక్క చేతులది.