గుంటలో రాత్రి కాపలా

చిరంజీవి రఘుకి పెదనాన్న ఆశీస్సులు.

సైన్యంలో ముందు వరస గుంటలో నీకు రాత్రి కాపలా పడిందని మీ అమ్మ చెప్పింది. ధైర్యం గురించి నేనేమీ రాయను, అది మీ ఆఫీసర్లు రోజూ చెబుతూనే ఉంటారు. పని గురించి రాస్తాను.

వెలుగుండగానే ఎదురుగా ఉన్న నేలంతా బట్టీ పట్టు. ఏ పొద ఎక్కడుంది, కంచె ఎక్కడ తెగింది, మొద్దు ఎంత ఎత్తుంది. రాత్రయ్యాక ఆ పొదే మనిషై కూర్చుంటుంది. నీ తుపాకీ తిరగాల్సిన మేరకు కుడి ఎడమల రెండు కర్రలు పాతుకో. కంగారులో పక్క గుంటలోని మనవాళ్ల వైపు కాల్చకుండా అవే ఆపుతాయి.

చీకటికి కళ్లు బాగా అలవాటు పడడానికి అరగంటైనా పడుతుంది. ఒక్క అగ్గిపుల్ల గీస్తే మళ్లీ మొదటికొస్తుంది, పైగా నువ్వెక్కడున్నావో అవతలివాడికి తెలిసిపోతుంది. దేన్నీ సూటిగా చూడకు. మసక చీకట్లో కంటి నడిమి చూపు పనిచేయదు, కాస్త పక్కకి చూస్తేనే ఆకారం తెలుస్తుంది. ఒకేచోట అదేపనిగా చూస్తూ ఉంటే కదలని మొద్దు కూడా కదులుతున్నట్టే ఉంటుంది. కొత్తవాళ్లు తూటాలు తగలేసేది ఇక్కడే. చూపుని ఆపి ఆపి జరుపు. ఆకాశంలో ఫ్లేర్ (నేలంతా వెలుగు పరిచే మందుగుండు) వెలిగితే ఉన్నచోటే బిగుసుకుపో, ఒక కన్ను మూసుకో. వెలుగు ఆరాక నీకు పనికొచ్చేది ఆ కన్నే.

నన్నడిగితే కళ్లకంటే చెవులే నయం. నోరు కొద్దిగా తెరిచి విను, నీ ఊపిరి చప్పుడు అడ్డురాదు. కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయంటే, ఎందుకాగాయో తేలేదాకా కదలకు.

పాదాల సంగతి అశ్రద్ధ చేయకు. 1914-18 యుద్ధంలో నీళ్లు నిలిచిన కందకాల్లో వేలమంది పాదాలు చెడి, ట్రెంచ్ ఫుట్ అని దానికో పేరే వచ్చింది. మంచు కురవక్కర్లేదు, తడీ చలీ గంటల తరబడి పట్టి ఉంటే చాలు. వీలు దొరికితే బూట్లు విప్పి, తుడిచి, పొడి మేజోళ్లు వేసుకో. తడివి చొక్కా లోపల పెట్టుకుంటే ఒంటి వేడికే ఆరతాయి.

ఇద్దరున్న గుంటలో ఒకరే పడుకోవాలి. రాత్రి మూడు దాటాక నిద్ర ముంచుకొస్తుంది, అది బలహీనత కాదు, ఒంటి తీరే అంత. ఓర్చుకుంటానని మొండికెయ్యకుండా తోటివాణ్ణి లేపు. తెల్లారబోయే ముందు ఎలాగూ ఇద్దరూ లేచి సిద్ధంగా ఉండాలి, ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే శత్రువులు దాడికి వస్తారు. లేపేటప్పుడు నెమ్మదిగా తట్టు. ఉలిక్కిపడి అరిచే అలవాటుందేమో పగలే అడిగి ఉంచుకో.

ఇట్లు,
మీ పెదనాన్న