పోప్ బొమ్మ ఉన్న పతకం

ప్రశ్న: పారిస్‌లో పాత నాణేలమ్మే కొట్లో ఒక కంచు బిళ్ళ చూశాను. ఒకవైపు పోప్ ఏడవ పయస్, వెనక నోత్రదామ్ చర్చి. ఇది నాణెమేనా? కొనొచ్చా?

జవాబు: నాణెం కాదండీ, పతకం. 1804 డిసెంబర్ 2న ఇదే చర్చిలో, ఈ పోప్ సమక్షంలో జరిగిన నెపోలియన్ పట్టాభిషేకానికి గుర్తుగా వేశారు. పోప్ బొమ్మ చెక్కింది డ్రో అనే పతకాల శిల్పి. ముఖాన్ని పక్క నుంచి చూపడం రోమన్ నాణేల పద్ధతి. ప్రాచీన గ్రీకు, రోమన్ కళను అనుసరించిన ఆనాటి నియోక్లాసికల్ కళాకారులకు అదంటే ప్రాణం. పాపం, 1809లో ఇదే నెపోలియన్ సైన్యం ఆ పోప్‌ని రోమ్ నుంచి పట్టుకుపోయింది!

కొనేముందు అంచు చూడండి. పారిస్ టంకశాల పాత పతకాలను తర్వాత కూడా మళ్ళీ కొట్టింది. అంచు మీద 'క్వీవ్ర్' (CUIVRE, ఫ్రెంచిలో రాగి) అనో 'బ్రోంజ్' (BRONZE, కంచు) అనో ముద్ర ఉంటే 1804 నాటిది కాదు. బేరమాడండి.