నంబరులో నక్షత్రం ఉన్న ఐదు వందల నోటు చెల్లుతుందా?

తప్పకుండా చెల్లుతుంది. తిరుపతి గాంధీరోడ్డులో పూజాసామగ్రి అంగడి నడుపుతున్నాను కనుక, ఈ అనుమానం పేదవాళ్లను ఎంత క్షోభ పెడుతుందో నాకు తెలుసు. పలమనేరు వైపు నుంచి దర్శనానికి వచ్చిన ఒక అవ్వ, కొంగున ముడివేసుకున్న ఐదు వందల నోటును వేరే అంగడిలో కాదనడంతో, కళ్లనీళ్లతో మా మెట్ల మీద కూర్చుంది. "దొంగనోటంట నాయనా, నేనేడ తెచ్చేది దీన్ని?" అని అడిగింది. నంబరులో అక్షరానికీ అంకెలకూ నడుమ చిన్న నక్షత్రం, అంచున కాస్త పసుపు మరక తప్ప ఆ నోటులో ఏ లోపమూ లేదు.

వంద నోట్ల కట్టలో ఒకటి అచ్చులో చెడిపోతే, దాని స్థానంలో పెట్టే నోటుకు ఆ నక్షత్రం వేస్తారు. 2006లో పది, ఇరవై, యాభై నోట్లతో మొదలైన ఈ పద్ధతిని 2016లో కొత్త ఐదు వందల నోటుకూ తెచ్చారు. ఇవి చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2023 జూలైలో మరోసారి ప్రకటించింది. కాస్త మరక పడిన నోటు కూడా చెల్లుతుంది. ఇంత తెలిసీ వాట్సాప్ పుకార్లను నమ్మి యాత్రికులను తిప్పిపంపే వర్తకులంటే నాకు కోపం.

నిజానికి అందరూ నేర్చుకోవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. ఐదు వందల నోటు రెండు అంచులలో ఉబ్బెత్తుగా ఉండే ఐదేసి ఏటవాలు గీతలు, కుడివైపున వృత్తం; రెండు వందల నోటుకు నాలుగేసి గీతలు, వాటి నడుమ రెండు చిన్న వృత్తాలు; వంద నోటుకు నాలుగేసి గీతలు, త్రిభుజం. చూపు లేనివారు వేలితో తడిమి గుర్తించడానికి వేసినవివి. నోటు నలిగేకొద్దీ ఆ ఉబ్బు అణగిపోతుంది. అంతకంటే అన్యాయం ఏమిటంటే, వారి చేతుల్లో రోజంతా తిరిగే పది, ఇరవై, యాభై నోట్లకు ఇలాంటి ఉబ్బెత్తు గుర్తే లేదు. పది నోటు పొడవు 123 మిల్లీమీటర్లు, ఇరవై నోటుది 129. వెడల్పు రెండింటికీ ఒకటే. ఆ ఆరు మిల్లీమీటర్ల తేడాను రద్దీలో చిల్లర తీసుకునే అంధుడు ఎలా పసిగట్టగలడు? నోటును గుర్తించి చెప్పే మణి యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చినా, దానికి స్మార్ట్‌ఫోను కావాలి. చిన్న నోట్లకూ వేలికి తగిలే గుర్తు వేయాలి.