పక్కింటి వేపచెట్టు మీద పడేలా ఉంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది కావలి. పక్క ఖాళీ స్థలంలో మా ప్రహరీని ఆనుకుని పెద్ద వేపచెట్టు ఉంది. రెండేళ్ళుగా కొసలు ఎండిపోతున్నాయి. మొదలు దగ్గర తొర్రపడి చెదలు పట్టాయి. మాను మా రేకుల గది వైపు ఒరిగింది. పోయిన వానల్లో కొమ్మ విరిగిపడి నీళ్ళ ట్యాంకు పగిలింది, గోడ బీటలిచ్చింది. స్థలం ఓనరు బెంగళూరులో ఉంటాడు. ఫోన్ చేస్తే "యాపచెట్టు కొడితే అమ్మోరు ఊరుకోదు" అంటాడు. స్టేషన్‌కి వెళ్తే సివిల్ గొడవ అన్నారు. మేమే కొట్టించేయొచ్చా? రేపు అది పడితే నష్టం ఎవరిది?

జవాబు: కొట్టించకండి. ఓనరు ఊళ్ళో లేడు కదా అని గోడ దూకి రంపం పెట్టిస్తే, ఇవాళ్టిదాకా బాధితులైన మీరు రేపు ముద్దాయిలవుతారు. భారతీయ న్యాయ సంహితలో ఆస్తికి నష్టం చేయడానికి 324, అక్రమ ప్రవేశానికి 329 సెక్షన్లు సిద్ధంగా ఉన్నాయి. రాత్రిపూట వేళ్ళలో యాసిడ్ పొయ్యమని చెప్పే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ సలహా అసలు వినకండి.

మీ స్థలం మీదికి వచ్చిన కొమ్మల సంగతి వేరు. వాటిని సరిహద్దు వరకు మీ వైపు నుంచే కొట్టుకోవచ్చు. ఇంగ్లండులో లెమన్ వర్సెస్ వెబ్ అనే పాత కేసులో ఖాయమైన సూత్రమిది, మన కోర్టులూ దీన్నే పాటిస్తున్నాయి. అయితే కొట్టిన కట్టె మీది కాదు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే కొమ్మలు కొట్టి, కట్టెలు టీ కొట్టుకు అమ్ముకున్నాడు. ఆ నాలుగు వందల రూపాయల కోసం దొంగతనం ఫిర్యాదు మీద స్టేషన్ చుట్టూ తిరిగాడు. కొట్టినవి గోడ పక్కన పేర్చి ఫొటో తీసి, తీసుకెళ్ళమని ఓనరుకు చెప్పండి. వేళ్ళ జోలికి మాత్రం పోవద్దు. ఒరిగిన చెట్టుకు ఒకవైపు వేరు నరికితే అది పడటానికి కారణం మీరే అవుతారు. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే మనిషిని ఎక్కించకుండా కరెంటు వాళ్ళ నంబరు 1912కు ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు విషయం. చెట్టు పడితే నష్టం ఎవరిదన్నది, అది పడేలా ఉందని ఓనరుకు ముందే తెలుసా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు మీద పడి ఒక ఉద్యోగి చనిపోతే, ఆ ప్రమాదాన్ని కార్పొరేషన్ ముందుగా ఊహించగలిగిందని చెప్పలేమంటూ సుప్రీంకోర్టు 1997లో ఆ కుటుంబానికి పరిహారం నిరాకరించింది. మీ ఓనరు కూడా రేపు "తుపానుకు పడింది, దైవాధీనం" అనే అంటాడు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను లాంటి గాలివాన వస్తే ఆ మాటకు బలం కూడా వస్తుంది. ఆ మాట చెల్లకుండా చేసేది మీరు ముందుగా ఇచ్చే నోటీసే. ఫోన్ మాటలు సాక్ష్యంగా నిలబడవు. తొర్ర, చెదలు, ఒరుగు, గోడ బీట, పగిలిన ట్యాంకు తేదీలతో సహా ఫొటోలు తీసి, లాయరు నోటీసుకు జతచేసి, బెంగళూరు అడ్రసుకు పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. వాట్సాప్‌లోనూ పెట్టండి. 'తలుపు తాళం' అని కవరు తిరిగొస్తే చించకండి. ఆ మూసిన కవరే రేపు మీ సాక్షి.

నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి. కదలిక లేకపోతే కావలి ఆర్డీవో దగ్గరికి వెళ్ళండి. చాలామందికి తెలియదు గానీ, పడిపోయేలా ఉన్న చెట్టు గురించి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో (పాత సీఆర్‌పీసీలో 133) నేరుగానే రాసి ఉంది. చుట్టుపక్కల నివసించేవాళ్ళకో, దారిన పోయేవాళ్ళకో దెబ్బ తగిలేలా ఉంటే చెట్టును తీసెయ్యమనో, ఊతం పెట్టమనో ఆదేశించే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుగా ఆయనకుంది. ఓనరు అభ్యంతరం చెబితే విచారణ జరుగుతుంది. దాన్ని 90 రోజుల్లో, కారణాలు రాస్తే 120 రోజుల్లో ముగించాలి. ఆదేశం ఖాయమయ్యాక కూడా ఓనరు పాటించకపోతే అధికారులే తీయించి, ఖర్చు అతని దగ్గర వసూలు చేయొచ్చు. అంతవరకూ ఆగలేని ప్రమాదముంటే అదే సంహిత 161వ సెక్షన్ కింద తక్షణ ఉత్తర్వు కూడా అడగండి. అర్జీలో ఒక జాగ్రత్త: మా ట్యాంకు, మా గోడ అని మాత్రమే రాస్తే అక్కడా సివిల్ గొడవ అనే అంటారు. చెట్టు కింద నడిచే బడిపిల్లలు, ఇరుగుపొరుగు గురించి రాసి, వాళ్ళ సంతకాలు కూడా పెట్టించండి. ఒక కాపీ మున్సిపల్ కమిషనరుకు ఇవ్వండి.

గోడకు, ట్యాంకుకు డబ్బులు రావాలంటే మాత్రం సివిల్ కోర్టే. నష్టపరిహారంతో పాటు చెట్టు తీయించాలని మాండేటరీ ఇంజంక్షన్ (ఫలానా పని చేసి తీరాలనే కోర్టు ఉత్తర్వు) అడగొచ్చు, స్థితిగతులు చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు తరఫున ఒక లాయరును, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ను, వేయించుకోవచ్చు. ట్యాంకు బిల్లు, మేస్త్రీ అంచనా దాచుకోండి. నాదొక అభిప్రాయం: ఇంత చిన్న మొత్తానికి దావా కంటే ముందు న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ (కోర్టుకెక్కకముందే రాజీ కోసం పెట్టేది) వేయడం నయం. ఫీజు ఉండదు, అక్కడినుంచి నోటీసు వెళ్తే బెంగళూరు ఓనరుకు కూడా ఊరు గుర్తొస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఇక అమ్మోరి మాట. నమ్మకాన్ని నేను తప్పు పట్టను, కానీ పడబోయే మానుకు అది రక్షణ కాదు. అలాగని కొసలు ఎండినంత మాత్రాన వేప చచ్చిపోయినట్టూ కాదు. ఈమధ్య ఊరూరా ఎండుతెగులు తగిలిన వేపలు చాలావరకు మళ్ళీ చిగురించాయి. కాబట్టి మీ అర్జీ ఆకుల మీద కాకుండా తొర్ర మీద, ఒరుగు మీద నిలబడాలి. మొత్తం నరకడానికి ఓనరు ఒప్పుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద ముందస్తు అనుమతి తీసుకోమనండి. ఎండు కొమ్మలు దింపి, బరువు తగ్గిస్తే చాలనుకుంటే ఆ రాజీకి మీరూ ఒప్పుకోండి.

కాగితాలు నడిచేలోపు ఆ రేకుల గదిలో ఎవర్నీ పడుకోనివ్వకండి.